పెరుగు ముట్టని నెల

పోయిన వారం బసమ్మను మనం ఎమ్మిగనూరులోని ఆమె ఇంట్లో, చేతిలో ఫోనుతో, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండగా వదిలేసి వచ్చాం. ఆ ఫోను చేసింది ఎవరో కాదు, ఆమె వియ్యంకుడు భీమరావు. ఆదోనిలో ముప్పై ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు. తన కూతురు పల్లవి, బసమ్మ కొడుకు ఉమేష్ రిజిస్ట్రారు ఆఫీసులో దండలు మార్చుకున్న రోజు నుంచి ఎనిమిది నెలలుగా ఇంట్లో కూతురి పేరు ఎత్తనివ్వని మనిషి.

"ఎల్లుండి మంత్రాలయం పోయి తిరిగొస్తూ ఎమ్మిగనూరులో దిగుతాను. అమ్మాయిని ఒకసారి చూసి పోతాను. మంచినీళ్లు తప్ప ఏమీ వద్దని చెప్పండి" అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ మంచినీళ్ల మాటే బసమ్మకు రెండు రోజులుగా మింగుడుపడటం లేదు. ఆమె పుట్టింది హాలహర్వి పక్క మెట్టపల్లెలో. అక్కడ పగవాడు వచ్చినా ముందు రొట్టె చేతిలో పెట్టి, తిన్నాక తిట్టడం మర్యాద. అలాంటిది వియ్యంకుడు మొదటిసారి గడప తొక్కి నీళ్లు తాగి పోతాడట! నీళ్లు తాగి పోతే చుట్టంచూపు. ఒక్క ముద్ద తింటే ఈ ఇల్లు కూతురిదని ఒప్పుకున్నట్టు. ఆ సంగతి బసమ్మకూ తెలుసు, పల్లవికీ తెలుసు. అందుకే ఇద్దరూ దాని గురించి మాట్లాడుకోకుండా రెండు రోజులు ఇల్లు కడిగారు.

ఉమేష్ ఆ రోజు పొద్దున్నే కౌతాళం పోయాడు. రైతు సేవా కేంద్రంలో పని ఉందన్నాడు. నిజానికి మామ ఎదుట నిలబడే ధైర్యం లేదు. "మీసాలు మాత్రం పెంచినాడు" అని బసమ్మ వాడి వెనకాల గొణుక్కుంది.

వంటింట్లోకి వచ్చి చూస్తే పల్లవి నేలమీద కూర్చుని ఒక తడిగుడ్డ మూట విప్పుతోంది. మూటలో సజ్జలు. మొన్న నానబెట్టి, నిన్న కట్టినవి. గింజ గింజకూ తెల్లటి మొలక వచ్చింది.

"ఏంది పిల్లా ఇది? మా ఎద్దులకు గూడా ఇంత శ్రద్ధగా నేనెప్పుడూ నానబెట్టలా."

"సలాడ్ అత్తా."

"అంటే?"

"మా ఇంట్లో కోసంబరి అంటాం కదా. పెసరపప్పు నానబెట్టి, దోసకాయ, కొబ్బరి, కొత్తిమీర వేసి... ఇది సజ్జలతో. అప్పకు షుగర్ ఉండాది. పాలిష్ బియ్యం తగ్గించి పొట్టుతో ఉండే గింజలు తినమని డాక్టరు పోయినేడే చెప్పినాడు."

"అట్లయితే ఉడకబెట్టి పెట్టు. పచ్చి గింజలు ఆ పెద్దాయన పండ్లకు నలుగుతాయా?"

పల్లవి తల అడ్డంగా ఊపింది. "నీళ్లు పోసి పొయ్యి మీద ఉడికించినదంతా మాకు ముసురె అత్తా. ముసురె అప్ప బయట తినడు. హోటల్లో గూడా ఎప్పుడూ తినలేదు. నానబెట్టింది ముసురె కాదు. ఇదైతే వద్దనడానికి ఆయనకు సాకు ఉండదు."

ఆ చివరి మాట అంటూ పిల్ల తల వంచుకుని మొలకలు వేళ్లతో విడదీసింది. బసమ్మకు ప్రాణం ఉసూరుమంది. తండ్రికి ఇంత అన్నం పెట్టడానికి ఆ తండ్రి నియమాల్లో సందు ఎక్కడుందా అని వెతుక్కుంటోంది పాపం. కోడలిగా వచ్చింది కానీ, ఈ ఎనిమిది నెలల్లో బసమ్మ ఆమెను కోడలు అనుకున్న రోజు ఒక్కటీ లేదు. కూతురు లేని లోటు దేవుడు ఆలస్యంగా తీర్చాడనుకుంది, అంతే.

"సరే, నాకేం పని సెప్పు" అంది కొంగు దోపుకుని.

"శెనక్కాయ పప్పులు వేయించి రుబ్బు అత్తా. పచ్చిమిరపకాయ, అల్లం, జీలకర్ర కూడా. పెరుగులో కలిపితే డ్రెస్సింగ్ అవుతుంది."

"డ్రెస్సా? సజ్జలకు గూడా గుడ్డలు తొడుగుతావా తల్లీ?"

పల్లవి రెండు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది. ఫోను తీసి వీడియో చూపించింది. అందులో ఒక అమ్మాయి గాజు గిన్నెలో ఏదో తెల్లగా గిలక్కొట్టి గింజల మీద పోస్తోంది. బసమ్మ తేలిగ్గా పెదవి విరిచి, "ఓస్, పచ్చడి జారుగా చేస్తే ఇదే" అని రోలు ముందు కూర్చుంది. పప్పులు వేసింది, మిరపకాయలు వేసింది, అలవాటు కొద్దీ నాలుగు వెల్లుల్లి రెబ్బలు అందుకుంది. పల్లవి ఒక్క ఉరుకున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వెల్లుల్లి వద్దత్తా! అది పడితే అప్ప ఈ వీధిలోకే రాడు."

"మీ యప్పకు వద్దనివి సెప్పేకన్నా, కావాల్సినవి సెప్పు పిల్లా. లిస్టు చిన్నదైతుంది."

బసమ్మ స్వయంగా తోడేసిన గడ్డ పెరుగు చాకుతో కోస్తే ముక్కలయ్యేలా ఉంది. అందులో రుబ్బిన ముద్ద కలిపి నిమ్మకాయ పిండారు. దోసకాయ సన్నగా తరిగారు, కొబ్బరి కోరారు, దానిమ్మ గింజలు ఒలిచారు. అన్నీ వేరువేరు గిన్నెల్లో సర్ది పల్లవి వాటిని చూసి చూసి మురిసిపోయింది. ఇంతలో గుమ్మం దగ్గర దగ్గు వినిపించింది.

భీమరావు మాస్టారు ఫోటోలో కన్నా చిన్నగా ఉన్నాడు. తెల్లపంచె, పైన ఉత్తరీయం, భుజాల మీద గోపీచందనం ముద్రలు, చేతిలో గొడుగు. పల్లవి గడప ఇవతల నిలబడిపోయింది. ఆయన గడప అవతల నిలబడిపోయాడు. ఇట్లా వదిలేస్తే సాయంత్రం దాకా నిలబడేట్టున్నారని బసమ్మే ముందుకొచ్చింది.

"రాండి సామీ, లోపలికి రాండి. ఎండలో పడి వచ్చినారు."

వియ్యంకుణ్ణి 'అన్నా' అని పిలవాలి. నాలుక మీదికి మాత్రం సామీ అనే వచ్చింది. ఆయన కాళ్లు కడుక్కుని లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇల్లంతా ఒకసారి చూశాడు. గోడమీద దండ వేసిన ఫోటో దగ్గర చూపు ఆగింది.

"ఈయన?"

"మా ఇంటాయన. ఆదెప్ప. పోయి రెండేండ్లాయె. చేన్లోనే గుండె ఆగిపాయె."

భీమరావు ముఖం మారింది. "మాకు తెలీదమ్మా."

"మీరు అడగలే గదా సామీ" అనేసి బసమ్మ నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం కోప్పడలేదు. నిజమే అన్నట్టు తల వంచుకున్నాడు. ఆ ఒక్కదానితో ఆమెకు ఆయన మీద సగం కోపం పోయింది.

పల్లవి నేల తుడిచి, పీట వేసి, అరిటాకు పరిచింది. "అప్పా, ఇది ముసురె కాదు. పొయ్యి మీద ఉడికింది ఒక్కటీ లేదు. వెల్లుల్లి లేదు, ఉల్లిగడ్డ లేదు. సజ్జలు మా మామ చేనివి. ఆయన దాచిపెట్టిన విత్తనమే ఇప్పటికీ వేస్తాండాం. ఒక్క రవ్వ తిను" అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది. దారి పొడుగునా అప్పజెప్పుకుంటూ బడికొచ్చిన పిల్లలా ఉంది.

ఆయన వద్దనలేదు. లేచి వచ్చి పీట మీద కూర్చున్నాడు. బసమ్మ వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. పల్లవి మొలకల సజ్జలు వడ్డించింది, దోసకాయ ముక్కలు, కొబ్బరి, దానిమ్మ కలిపింది, పైన చిక్కటి డ్రెస్సింగ్ గరిటెతో వేసింది. భీమరావు ఆకు చుట్టూ నీళ్లు తిప్పబోయి ఆగాడు. గరిటె వైపు చూశాడు.

"పల్లూ, ఈరోజు తిథి చెప్పు."

తిండి ముందర ఇదేం పరీక్షరా నాయనా అనుకుంది బసమ్మ. పల్లవి ముఖం మాత్రం వెలిగిపోయింది. వాళ్లింట్లో పిల్లలు పొద్దున కంచం ముందు కూర్చుంటే తండ్రి అడిగే మొదటి మాట అది. తిథి చెప్పందే ముద్ద లేదు. ఎనిమిది నెలల తర్వాత అదే గొంతు అదే మాట అడిగితే, ఆ పిల్ల చిన్నదైపోయింది.

"శ్రావణ బహుళ సప్తమి అప్పా!"

"మరి ఏ వ్రతం నడుస్తాంది?"

"చాతుర్మాస్యంలో రెండో నెల. దధి..."

అక్కడ మాట తెగిపోయింది. దధి అంటే పెరుగు. వానాకాలం నాలుగు నెలలూ వాళ్లకు నెలకొకటి నిషేధం. మొదటి నెల కూరగాయలు, రెండో నెల పెరుగు, మూడో నెల పాలు, నాలుగో నెల పప్పులు. ఊహ తెలిసినప్పటి నుంచి పల్లవి శ్రావణంలో పెరుగు ముట్టలేదు. అలాంటిది నిన్న పొద్దున కూడా ఈ ఇంట్లో పెరుగన్నం తిన్నది. ఈరోజు తండ్రి ఆకులో చేతులారా పెరుగు వడ్డించింది.

"మర్చిపోయినానప్పా" అంది. "వెల్లుల్లి గుర్తుపెట్టుకున్నాను, ముసురె గుర్తుపెట్టుకున్నాను. నెల మర్చిపోయినాను. ఎనిమిది నెలలకే మర్చిపోయినాను." గరిటె గిన్నెలో పెట్టి ముఖం చేతుల్లో దాచుకుంది.

భీమరావు తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేవడానికి ఒక చెయ్యి నేలకు ఆనించాడు. బసమ్మకు లోపల ఏదో భగ్గుమంది. ఈ మనిషి ఇప్పుడు లేచి పోతే ఈ పిల్ల జన్మలో మళ్లీ నవ్వదు.

"లేయొద్దు సామీ" అంది. గొంతు తనకే పెద్దగా వినిపించింది. "పిల్ల తప్పేం లేదు. తోడేసింది నేను, పెరుగన్నం పెట్టింది నేను. మా ఇండ్లల్లో శ్రావణమంటే ఉరుకుంద ఈరన్న తిరునాల తప్ప ఇంకోటి తెలీదు. సరే, మీకు పెరుగు పనికిరాదు. ఒక్క మాట అడుగుతా సెప్పండి. మజ్జిగ పనికొస్తాదా?"

భీమరావు ఆశ్చర్యంగా చూశాడు. "మజ్జిగకు దోషం లేదు."

"మరి పెరుగు చిలికి వెన్న తీస్తే వచ్చేది మజ్జిగే గదా? నేను సదువుకోలే. నాకు తెలిసిన విద్య అదొక్కటే."

మాస్టారు ఆమెను చూశాడు, ఆకును చూశాడు, ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు. బొజ్జ కదిలేలా నవ్వాడు. "ఈ సంగతి తేల్చుకోవడానికి మా వాళ్లు గ్రంథాలు తిరగేస్తారమ్మా. నువ్వు కవ్వంతో తేల్చేసినావు" అన్నాడు.

ఇక బసమ్మను పట్టేవాళ్లు లేరు. కుండలో మిగిలిన పెరుగు కవ్వం పెట్టి చిలికింది, వెన్న తీసి పక్కన పెట్టింది. పల్లవి ముక్కు ఎగబీలుస్తూ పాత ఆకు తీసి కొత్త ఆకు వేసింది. బసమ్మ మళ్లీ పప్పులు వేయించి, మిరపకాయలు, అల్లం, జీలకర్ర వేసి రోట్లో దంచి, మజ్జిగ పోస్తూ మెత్తగా నూరింది. సగం నూరాక ఆమె చెయ్యి ఆగింది. వెల్లుల్లి తినని మనిషి, హోటలు గడప తొక్కని మనిషి, తన చేత్తో నూరింది తింటాడా?

"పల్లవమ్మా, ఇట్ల రా. మిగిలింది నువ్వు నూరు" అంది మెల్లగా.

పీట మీద నుంచి భీమరావు అన్నాడు: "ఆమెనే నూరనీ పల్లూ. నీ చేతిది చాలా ఏండ్లు తిన్నానులే. ఉప్పు ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువే."

బసమ్మ నూరడం ముగించింది. కళ్లు మండాయి. పచ్చిమిరపకాయల ఘాటు అనుకుని కొంగుతో తుడుచుకుంది. మజ్జిగతో జారుగా చేసిన ఆ నూరుడును సజ్జల మీద పోసి, కలిపి, నిమ్మకాయ పిండి, కొత్తిమీర చల్లింది పల్లవి. ఆయన ఆకు చుట్టూ నీళ్లు తిప్పాడు, కళ్లు మూసుకున్నాడు, ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలాసేపు నమిలాడు. సజ్జలు మరి, తొందరపడితే ఊరుకోవు.

"కారం ఎక్కువైంది" అన్నాడు.

పల్లవి నీళ్ల చెంబు అందుకుంది.

"బాగుంది. ఇంకొంచెం వెయ్యి."

పల్లవి వడ్డిస్తూ ఏడ్చింది, ఏడుస్తూ వడ్డించింది. ఆయన వద్దంటున్నా వేసింది. బసమ్మ గోడమీద ఆదెప్ప ఫోటో వైపు తిరిగి, చూసినావా నీ సజ్జలు ఎవరి ఆకులోకి ఎక్కినాయో అని మనసులోనే అంది. ఆమె గర్వపడటం ఆ రెండేళ్లలో అదే మొదటిసారి.

చెయ్యి కడుక్కుని వచ్చి భీమరావు ఉత్తరీయంతో తుడుచుకున్నాడు. పోతానంటాడనుకుంటే, "ఒక చిన్న గిన్నెలో కొంచెం పెట్టు పల్లూ" అన్నాడు.

"ఎవరికప్పా?"

"మీ అమ్మకు. సందు మొదట్లో ఆటోలో కూర్చుంది."

పల్లవి చేతిలోని గరిటె కిందపడింది. "అమ్మ వచ్చిందా? గంట నుంచీ ఎండలో..." అంటూ చెప్పులు కూడా లేకుండా గుమ్మం వైపు పరుగెత్తబోయింది. తండ్రి చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు పోతే దిగదమ్మా. పిలవాల్సింది నువ్వు కాదు. నీ మీద నాకు కోపం ఉండింది, నిజమే. మీ అమ్మది కోపం కాదు, అవమానం. 'నా బిడ్డను కోడలిగా తీసుకున్న ఇంటినుంచి ఒక్క ఆడమనిషన్నా వచ్చి నాకు బొట్టు పెట్టి పిలిచిందా? పిలవని ఇంటికి కృష్ణాబాయి పోదు' అంటుంది. ఎనిమిది నెలలుగా అదే మాట. ఈరోజు కూడా ఆటో ఎక్కింది, దిగనంది."

వాళ్లు కులం చూసి రాలేదనుకుంది బసమ్మ ఇన్నాళ్లూ. తను ఎందుకు పోలేదో వాళ్లకెవరు చెప్పాలి? పిల్లల పెళ్లయిన కొత్తలో రెండుసార్లు తమలపాకులూ కుంకుమా కొంగున కట్టుకుని ఆదోని బస్సు దాకా పోయింది. రెండుసార్లూ వెనక్కి వచ్చింది. మొగుడు పోయిన ఆడది ముత్తైదువకు బొట్టు పెట్టకూడదు. చుట్టపక్కాల్లో ఎవరినన్నా పొమ్మంటే, ఆ పెద్దింటికి మేమెందుకని తప్పించుకున్నారు.

"నా చెయ్యి పనికిరాదు గదా సామీ" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు. "ఆయప్పతోనే పాయె ఆ యోగ్యత. అందుకే రాలేకపోయినా. పొగరుతో కాదు."

భీమరావు గోడమీది ఫోటోను చూశాడు. ఆయనకు ఇప్పుడే అర్థమైనట్టుంది. కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"ఆ చేత్తో నూరింది ఇప్పుడే తిన్నాను. తిన్న నోటితో కాదనలేను. నువ్వే పోయి పిలువు చెల్లెమ్మా" అన్నాడు. ఆపైన నిజం దాచడం ఇష్టంలేక, "కృష్ణాబాయి ఏమంటుందో మాత్రం నాకు తెలీదు" అని కూడా అన్నాడు.

పల్లవి దేవుడి పటం ముందున్న కుంకుమ భరిణె తెచ్చి అత్త చేతిలో పెట్టింది. ఇంకో చేతిలో సలాడ్ గిన్నె పెట్టింది. బసమ్మ ఆ వీధిలో పాతికేళ్లు నడిచింది కానీ, అది అంత పొడుగని ఎప్పుడూ అనిపించలేదు. గుమ్మాల్లో ఆడవాళ్లు ఆమె చేతిలోని భరిణెను చూసి మాటలు ఆపారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు.

ఆటోలో కృష్ణాబాయి నిటారుగా కూర్చుని ఉంది. కచ్చపోసి కట్టిన చీర, నుదుట రూపాయంత కుంకుమ, ఎండకు ఎర్రబడ్డ ముఖం. పల్లవికి ఆ ముక్కు ఎక్కడినుంచి వచ్చిందో బసమ్మకు చూడగానే తెలిసిపోయింది. గిన్నె ఆటో సీటు మీద పెట్టింది.

"వదినా" అంది. ముందుగా అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "నేను ఉమేష్ తల్లిని. ఇంటికి రాండి."

భరిణె మూత తీసి ఉంగరపు వేలు ముంచింది. కృష్ణాబాయి చూపు ఆ వేలి మీద నుంచి మెల్లగా పైకి లేచి బసమ్మ నుదుటి మీద ఆగింది. బొట్టు లేని నుదురు. మెడలో తాళి లేదు.

"ఎప్పుడు?" అంది కృష్ణాబాయి.

"రెండేండ్లాయె వదినా."

"అందుకేనా రాలేదు?"

బసమ్మ తల ఊపింది. కృష్ణాబాయి గభాలున చెయ్యి చాపి ఆమె మణికట్టు పట్టుకుంది, కుంకుమ తన నుదుటికి జానెడు దూరంలో ఉండగా. ఆ పట్టు ఆపడానికో, దగ్గరికి లాక్కోడానికో బసమ్మకు తెలియలేదు. కృష్ణాబాయి కళ్లనిండా నీళ్లు. ఆమె ముఖం తిప్పి ముందు కూర్చున్న డ్రైవరుతో అంది:

"ఏమప్పా, బండి తిప్పు."

బసమ్మ ఇంటి వైపా, ఆదోని వైపా చెప్పలేదు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.